మూడో పిలుపు

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు దయ్యాలంటే భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. జనగామలో ఒక ల్యాబులో ఇరవై రెండేళ్లుగా రక్త పరీక్షలు చేస్తున్నాను. "మా పిల్లకు గాలి సోకింది మేడం" అంటూ వచ్చినవాళ్ల చేతిలో హిమోగ్లోబిన్ ఆరు ఉందని కాగితం పెట్టి, ముందు డాక్టరు దగ్గరికి నడవండని కసిరి పంపిన దాన్ని. ఎవరో ఉరేసుకున్న ఇల్లని ఎవరూ చేరని వాటాలో నేనే అడిగి మరీ అద్దెకు చేరాను. తొమ్మిదేళ్లు అక్కడ గుర్రుపెట్టి నిద్రపోయాను.

కాబట్టి ఈమెకు మొదటినుంచీ ఇలాంటి కథల పిచ్చి ఉందేమో అనుకోకండి. మనుషుల పేర్లు మార్చాను. తండా పేరు చెప్పను. ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది.

నాకున్న పిచ్చి ఒక్కటే, పిట్టలు. కరోనా రోజుల్లో ల్యాబు డాబా మీద టీ తాగుతూ మొదలైన అలవాటు. తరువాత బైనాక్యులర్ కొన్నాను, ఆ తరువాత కెమెరా, చివరికి ఒక పాత కారు. సెలవు దొరికితే చాలు, ఎక్కడో ఒక చెరువుకో అడవికో వెళ్లిపోతాను. పెళ్లి చేసుకోలేదు కాబట్టి అడిగేవాళ్లు లేరు. "ఒక్కదానివే పోతవా?" అని ఊరంతా అడుగుతుంది. నలుగురితో వెళితే పిట్టలు కనబడవని చెప్తాను. అది నిజం కూడా.

నాలుగేళ్లుగా నన్ను ఏడిపిస్తున్న పిట్ట ఒకటుంది. పొన్నంగి పిట్ట. పిడికెడంత ఉంటుంది గానీ ఒంటి మీద లేని రంగు లేదు. తొలకరికి మా వైపు అడవుల్లోకి వస్తుంది, పొదల కింద నేల మీదే తిరుగుతుంది. తెల్లవారుజామున రెండు ముక్కలుగా ఈల వేస్తుంది. ఈల మూడుసార్లు విన్నాను. పిట్టను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇలాంటి పిట్టల్ని బయటికి రప్పించడానికి మా వాళ్లు ఒక పని చేస్తారు. దాని కూతనే ఫోనులో పెట్టి, చిన్న స్పీకర్‌లో వినిపిస్తారు. తన జాగాలోకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని అది కోపంగా వెతుక్కుంటూ వస్తుంది. గూడు పెట్టే రోజుల్లో అలా చేయకూడదని పెద్దవాళ్లు చెప్తారు. నేనూ కొత్తవాళ్లకు అదే నీతి చెప్తాను. కానీ నాలుగేళ్లు తిరిగాక నీతులు గుర్తుంటాయా? ఆ జూన్ నెలలో స్పీకర్ సంచిలో వేసుకునే బయలుదేరాను.

శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి జఫర్‌గఢ్ మీదుగా వెళ్లాను. దారిలో దుక్కి దున్నిన చేలల్లో ఆగి ఆగి చూసుకుంటూ చీకటి పడేసరికి మహబూబాబాద్ చేరాను. అక్కడ లాడ్జిలో పడుకుని, తెల్లవారకముందే లేచి అడవి దారి పట్టాను. కొత్తగూడ వైపు ఒక తండా ఉంది, ముప్పై ఇళ్లుంటాయి. చివరి ఇల్లు దాటాక కారు ఆపి, కాలిబాటన లోపలికి నడిచాను. అప్పటికి ఆరు కావస్తోంది. ముందురోజు వాన పడింది, ఆకుల కింద నేల మెత్తగా ఉంది.

రికార్డర్ ఆన్ చేసి ఒక రాయి మీద పెట్టాను. స్పీకర్‌లో కూత వినిపించాను. రెండో నిమిషంలోనే జవాబు వచ్చింది. నాలుగో నిమిషంలో పొదల కింద ఆకులు కదిలాయి. అదిగో, ఎర్రటి పొట్ట, నీలం భుజం, ఎగిరెగిరి స్పీకర్ చుట్టూ తిరుగుతూ పోట్లాటకు వచ్చింది. నలభై ఆరేళ్లదాన్ని, అక్కడ నేల మీద కూర్చుని ఏడ్చాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

తిరిగి కారు దగ్గరికి వచ్చేసరికి ఒకామె కట్టెల మోపు దించుకుని నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమె పేరు సాలి అనుకుందాం. నేను చేసిందంతా చెట్టు చాటు నుంచి చూసిందట.

"అక్కా, గా డబ్బాల పిట్టను పెట్టి ఒర్రిపిస్తే ఇంకో పిట్ట వచ్చింది. నిజమేనా, నా కండ్ల భ్రమనా?"

"నిజమే చెల్లె. దాని గొంతు అది ఇంటే ఆగదు, వస్తది."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, ఏం పని చేస్తానని అడిగింది. రక్త పరీక్షలు చేస్తానన్నాను. అప్పుడు కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. ఆధార్ కార్డు జిరాక్సు. అందులో ఒక మగమనిషి ముఖం, సగం నల్లగా పడింది.

"అడివిల గీ మనిషి అవుపడ్డడా అక్కా?"

అతను ఆమె భర్త. భీక్యా అనుకుందాం. ఇరవై మూడు రోజుల కింద పశువులు మేపడానికి వెళ్లాడు. పొద్దు గూకేసరికి పశువులు వాటంతటవే ఇంటికి వచ్చాయి, అతను రాలేదు. తండా వాళ్లు వారం రోజులు వెతికారు. పోలీసులకు చెప్పారు. కూలికి ఎటో పోయి ఉంటాడని కొందరు, ఎలుగుబంటి అని కొందరు అన్నారు. మనిషి లేడు, శవమూ లేదు. ఎవరూ కనబడలేదని చెప్పాను. సరేనని తల ఊపి, కాగితం మళ్లీ అవే మడతలు పెట్టుకుంది.

నేను నా దారిన పోయాను. పిట్ట కనబడిన సంతోషంలో ఆమె మాట దారిలోనే మరిచిపోయాను కూడా. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. ఆ పూటంతా ఘనపూర్ చెరువు దగ్గర గడిపి, సాయంత్రానికి భూపాలపల్లి చేరి లాడ్జిలో దిగాను. కింద టీకొట్టు దగ్గర గనిలోంచి షిఫ్టు దిగిన కార్మికులు గోలగోలగా మాట్లాడుకుంటున్నారు. కిటికీ వేసి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పొద్దున్నటి రికార్డింగు వినడం మొదలుపెట్టాను.

మొదట నా స్పీకర్ కూత. తరువాత పిట్ట జవాబు. పన్నెండో నిమిషం దగ్గర ఒక మనిషి గొంతు వచ్చింది.

పశువుల కాపరి పిలుపు అది. "ఓ... హో... హోయ్" అని పొడుగ్గా సాగదీసి, చివర్లో గొంతు కొంచెం పగిలినట్టు కిందికి దిగుతుంది. దూరం నుంచే గానీ స్పష్టంగా ఉంది. కాసేపాగి మళ్లీ ఒకసారి. అంతే. రెండు పిలుపులు.

నా మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? ఛ, బంగారం లాంటి రికార్డింగు మధ్యలో వీడెవడు అని విసుక్కున్నాను. రెండో ఆలోచన ఏమిటంటే, పొద్దున నేను అక్కడే ఉన్నాను కదా, నాకెందుకు వినబడలేదు? పిట్ట మీద ధ్యాసలో వినిపించుకుని ఉండనని సర్దిచెప్పుకున్నాను. మూడోది ఆ జిరాక్సు కాగితం. అతను బతికే ఉన్నాడేమో, ఆ అడవిలోనే ఎక్కడో దెబ్బ తగిలి పడి ఉన్నాడేమో అని. ఆమె ఫోన్ నంబరైనా అడగలేదే అని నన్ను నేను తిట్టుకున్నాను. ఆ రాత్రి నేను పడుకున్నది మంచి వార్త మోసుకుపోతున్న మనిషిలాగే.

ఆదివారం పొద్దున ఏడున్నరకు తండాలో ఉన్నాను. సాలి ఇంటి ముందు రెండు ఆవులు, ఒక ఎద్దు కట్టేసి ఉన్నాయి. ఆమె మరిది మోతీలాల్ అక్కడే పళ్లు తోముకుంటున్నాడు. పెద్దగా ఉపోద్ఘాతం లేకుండా, నిన్న అడవిలో ఈ గొంతు పడింది, మీకు తెలిసినదేమో చూడండి అని స్పీకర్‌లో వినిపించాను.

మొదటి పిలుపుకే పడుకుని నెమరేస్తున్న ఆవులు రెండూ లేచి నిలబడ్డాయి. రెండో పిలుపుకు ఎద్దు కూడా లేచింది. మూడూ చెవులు రిక్కించి చూశాయి. స్పీకర్ వైపు కాదు. అడవి వైపు.

నేను సాలి ముఖం చూశాను. ఏడుస్తుందనుకున్నాను, నా కాళ్ల మీద పడుతుందేమోనని కూడా అనుకున్నాను. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చుంది.

"గిది మా అన్నదే," అన్నాడు మోతీలాల్. నోట్లో వేపపుల్ల అలాగే ఉంది. "రెండుసార్లేనా అక్కా? ఇంకోటి లేదా?"

"లేదు. రెండే. ఎందుకు?"

అతను వదిన వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "మనిషి అవుపడకుంట అడివి దిక్కు నుంచి పిలుపొస్తే, మూడుసార్లు పిలిచేదాక మేము పలుకం. మనిషైతే మూడోసారి గుడ పిలుస్తడు. మా అన్న దినాం పసులను తోలుకొస్తప్పుడు మూడుసార్లు ఒర్రెటోడు. మూడోదానికి వదిన 'ఆఁ, వస్తున్న' అని దొడ్డి తడక తీసేది."

"రెండుసార్లు పిలిస్తే?"

"అది మనిషి గాదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒక మనిషి ఇరవై నాలుగు రోజులుగా అడవిలో పడి ఉంటే మూడూ రెండూ లెక్కలేమిటయ్యా అని గట్టిగానే అన్నాను. పదండి, నేను రికార్డు చేసిన చోటు చూపిస్తాను, అక్కడినుంచి వెతుకుదాం అన్నాను. అప్పుడు సాలి లేచింది.

"అక్కా, నిన్న పిట్టకు పెట్టినట్టు పెట్టు. ఆయిన గొంతు ఆయినకే ఇనిపియ్యి. ఉంటే వస్తడు."

ఆ మాటకు నేను అక్కడే ఆగిపోవాల్సింది. పిట్టకు చేసే పని మనిషికి చేస్తారా? కానీ పిలుపు విని అతను జవాబిస్తే ఏ దిక్కున ఉన్నాడో తెలుస్తుంది కదా అని నాకూ అనిపించింది. ముగ్గురం బయలుదేరాం.

నిన్నటి రాయి దగ్గరే నిలబడ్డాం. ఎనిమిదిన్నర అయి ఉంటుంది, ఎండ బాగానే వచ్చింది. స్పీకర్ శబ్దం పూర్తిగా పెంచి ఆ రెండు పిలుపుల్నీ వినిపించి ఆపేశాను.

అప్పటిదాకా అరుస్తున్న పిట్టలన్నీ ఊరుకున్నాయి. అది మామూలే, పెద్ద శబ్దం వస్తే ఊరుకుంటాయి. నేను వాచీ చూసుకుంటున్నాను. అర నిమిషం కూడా కాలేదు. ఎడమ చేతి వైపు, గుట్ట దిక్కు నుంచి వచ్చింది.

"ఓ... హో... హోయ్."

ఒక్కసారే. ముగ్గురం విన్నాం. స్పీకర్ ఆగిపోయి ఉంది, నా చేతిలోనే ఉంది. అదే గొంతు, చివర్లో అలాగే పగిలి కిందికి దిగింది.

మోతీలాల్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సాలి మాత్రం తల ఎత్తి, రోజూ ఇంటి ముందు నిలబడి ఎలా పలికేదో అలాగే పలికింది.

"ఆఁ... వస్తున్న!"

పలికి, గుట్ట వైపు నడిచింది. పరుగెత్తలేదు. దారి తెలిసిన మనిషిలా నడిచింది. మేము వెనకాల వెళ్లాం.

గుట్ట అవతలి వైపు పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పశువులు వచ్చింది వేరే దిక్కు నుంచి కాబట్టి ఇటు ఎవరూ సరిగా వెతకలేదట. రెండు బండల మధ్య, మనిషి పట్టేంత సందు ఉంది. మోతీలాల్ వంగి చూశాడు. వెంటనే వెనక్కి వచ్చి, వదిన రెండు భుజాలూ పట్టుకుని ఆపేశాడు. "నువ్వు సూడొద్దు. దండం పెడత, సూడొద్దు," అన్నాడు. ఫోనుకు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కుతూ, ఆమెను చూసుకోమని నాకు సైగ చేశాడు.

ఇప్పుడు రాబందులు లేవు. ఒకప్పుడైతే రెండో రోజే ఆకాశంలో అవి తిరిగి చోటు చూపించేవి. మా పిట్టల వాళ్లం రాబందులు పోయాయని బాధపడతాం గానీ, ఇలా మనిషి దొరక్కుండా పోతాడని ఎప్పుడూ అనుకోలేదు.

సాలి ఏడవలేదు. నా పక్కన బండ మీద కూర్చుని, నా వైపు తిరిగింది.

"నీకొక్కదానికే చెప్తున్న అక్కా. నేను ఇన్న."

"ఏం విన్నవు?"

"గా దినం పసులొచ్చినంక, చీకటి పడ్డంక, గుట్ట దిక్కు నుంచి పిలుపొచ్చింది. రెండుసార్లు. పసులు ఇంట్లనే ఉన్నయ్, ఇగ ఎవల కోసం ఒర్రుతడు? మూడోది వస్తదేమో అని చెవి పెట్టి కూసున్న. రాలె. నేను పలుకలె. తెల్లారి గుడ పొద్దుగూకంగ వచ్చింది. గప్పుడు గుడ రెండే. నేను తలుపు పెట్టుకున్న."

ఆమె బండల సందు వైపు చెయ్యి చూపించింది.

"నువ్వు దవాఖాన పని జేస్తవ్ గద. పోయి సూడు. పడ్డ దినమే పానం పోయిందా, తర్వాత పోయిందా, సూసి చెప్పు. పడ్డ దినమే పోతే నేను ఇన్నది ఆయినది గాదు. గది నాకు చెప్పు సాలు."

నేను డాక్టర్ని కాదు. కానీ ఆమె అడిగింది నన్నే. లేచి వెళ్లి చూశాను.

మూడు వారాల ఎండలో ఏం మిగలాలో అదే మిగిలింది. అది రాయను. మిగతావి మాత్రం చెప్తాను. కుడికాలు మోకాలి కింద వంకరగా ఉంది. దాని మీద తువ్వాల గట్టిగా బిగించి రెండు ముడులు వేసి ఉంది. చనిపోయినవాడు ముడులు వేసుకోడు. కుడిచేతి దగ్గర, బండకు ఆనించి, తునికి గింజల చిన్న కుప్ప ఉంది. ఇంటికి తీసుకుపోదామని ఒడిలో పోసుకున్న పండ్లు అయి ఉంటాయి. ఒక్కొక్కటే తిని, చప్పరించి, గింజల్ని ఒకచోట పెట్టుకున్నాడు. రాత్రికి రాత్రి తిన్నవి కావు. అడుగున ఉన్నవి ఎండి తెల్లబడ్డాయి, పైవి ఇంకా నల్లగా ఉన్నాయి. ఎన్ని రోజులో నాకు తెలియదు. ఒక్కరోజు మాత్రం కాదు.

అతనికీ ఆ కట్టుబాటు తెలుసు కదా. రెండుసార్లు పిలిస్తే ఎవరూ పలకరని తెలుసు. మూడోది పిలవడానికి ఊపిరి చాలలేదేమో. నేనక్కడ వంగి నిలబడి అనుకున్నది అదొక్కటే.

తిరిగి వచ్చి ఆమె ముందు కూర్చున్నాను. జీవితంలో ఎవరికీ తప్పుడు రిపోర్టు ఇవ్వని దాన్ని. ఆమె కళ్లలోకి చూసి చెప్పాను.

"పడ్డ రోజే పోయిండు సాలి. తలకు దెబ్బ తగిలింది. వెంటనే పోయిండు. నొప్పి గూడ తెల్వదు."

"నిజంగనా?"

"నిజంగ."

"మరి నేను ఇన్నది?"

"ఆయన గాదు."

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే అంది, "పలుకకపోవుడే మంచిదైంది గద అక్కా? పలికితే నన్ను గుడ తీస్కపోతుండె. పిల్లలు ఆగమైతుండె." నేను అవునన్నాను. ఆమె వీపు నిమురుతూ అవునవునని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

పోలీసులు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. శవాన్ని పైకి తీస్తున్నప్పుడు నేను మళ్లీ చూశాను. తువ్వాల కాలికి లేదు, పక్కన పడి ఉంది. తునికి గింజలు ఒక్కటి కూడా లేవు. వాళ్లకంటే ముందు కిందికి దిగింది మోతీలాల్ ఒక్కడే.

సాయంత్రం సర్కారు దవాఖాన బయట అతనే నా కారు దగ్గరికి వచ్చాడు. జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. జేబు ఉబ్బెత్తుగా ఉంది. నేను అడగలేదు.

"వదినకు ఏం చెప్పినవ్ అక్కా?"

"పడ్డరోజే పోయిండని చెప్పిన."

"మంచిపని జేసినవ్." చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అన్నాడు. "నేను గుడ ఇన్న. మా ఇంట్ల అందరం ఇన్నం. అవుతలింటోళ్లు గుడ ఇన్నరేమో. ఎవలు ఎవలకు చెప్పలె. పొద్దుందాక వెతికినం, పొద్దుగూకితే తలుపులు పెట్టుకున్నం. గుట్ట దిక్కు పోదామని ఎవలన్న అంటే, గా పిలుపు ఇన్నట్టు ఒప్పుకున్నట్టయితదని ఎవలు అనలె. వదినకు మాత్రం చెప్పకు."

ఈ ముప్పై ఇళ్లూ మూర్ఖులని మీరు తిట్టుకుంటారు. నేనూ మొదట తిట్టుకున్నాను. తరువాత తిట్టలేకపోయాను. చిన్నప్పటినుంచీ తల్లి చెప్పిన మాట, బతికి ఉండాలంటే పాటించాలని చెప్పిన మాట, ఒక్క సాయంత్రంలో ఎవరు మాత్రం దాటుతారు?

ఇక నా రికార్డింగు సంగతి. శవపరీక్ష చేసిన డాక్టరు, ప్రాణం పోయి రెండు వారాలు దాటిందని, అంతకంటే కచ్చితంగా చెప్పలేనని అన్నారు. నేను రికార్డు చేసింది శవం దొరకడానికి ఒక్కరోజు ముందు. ఫైలు మీద తేదీ, గంట, నిమిషం అన్నీ ఉన్నాయి. వేరే కాపరి ఎవరైనా పిలిచాడేమోనని తండా వాళ్లను అడిగాను. భీక్యా మాయమైనప్పటినుంచి అటువైపు ఎవరూ పశువుల్ని తోలడం లేదన్నారు. ఎవరో తెలియనివాడే అనుకున్నా, ఆవులు వాడి గొంతుకు లేస్తాయా?

మా పిట్టల గుంపులో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ఒక్కరికే ఆ ఫైలు వినిపించాను. ఆయన ఆలోచించి, భీమరాజు పక్షి అయి ఉంటుందన్నారు. తోకకు రెండు పొడవాటి ఈకలు వేలాడే నల్లపక్షి అది. ఏ శబ్దం విన్నా అచ్చంగా అనుకరిస్తుంది. పిల్లి అరుపు, గద్ద అరుపు, మనుషుల ఈలలు కూడా. మళ్లీ మళ్లీ విన్నదాన్ని నేర్చేసుకుంటుంది.

హమ్మయ్య అనుకున్నాను. రెండు రోజులు ఆ మాట పట్టుకుని హాయిగా ఉన్నాను. మూడో రోజు ల్యాబులో ఎవరి చేతికో సూది గుచ్చబోతూ ఆగిపోయాను. పక్షి నేర్చుకోవాలంటే ఎన్నిసార్లు వినాలి? ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం అతను పిలిచిన పిలుపైతే అది మూడుసార్లు కూయాలి. రెండే కూసిందంటే, ఆ బండల సందులోంచి వచ్చిన రెండేసి పిలుపుల్ని విని నేర్చుకుని ఉండాలి. అది నేర్చుకునేదాకా అతను పిలుస్తూనే ఉండి ఉండాలి.

అదీ కాదు. పక్షే అయితే ఆదివారం మేము విన్న ఆ ఒక్కటీ ఎక్కడిది? ఆ రెండింటికీ జత కలిసేలా, సరిగ్గా ఒక్కటే ఎందుకు వచ్చింది? గొంతులో మనిషి ఛాతీ బరువు ఉంది, అది పక్షి గొంతు కాదని వినే చెవికి తెలుస్తుంది. ఆ పెద్దాయనే రెండోసారి విన్నాక, "ఏమోనమ్మా, చెప్పలేను" అని హెడ్‌ఫోన్లు తీసి ఇచ్చేశారు.

ఇప్పుడు నేను ఏ పిట్టకూ కూత వినిపించడం లేదు. స్పీకర్ ఎవరికో ఇచ్చేశాను.

సాలి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. చదువు రాదు కాబట్టి ఇది చదివే భయం లేదు, ఎవరైనా చదివి చెబుతారేమోనన్న భయంతోనే పేర్లు మార్చి, తండా పేరు దాచాను. పోయిన నెల కూడా మాట్లాడింది. పత్తి పెట్టారట, పిల్లలు హాస్టల్లో బాగానే ఉన్నారట. ఫోన్ పెట్టేసే ముందు ఎప్పుడూ అనే మాటే మళ్లీ అంది. "నువ్వు సూసి చెప్పినంకనే నాకు నిద్ర వడుతున్నది అక్కా. లేకుంటే నేనే సంపుకున్ననేమో అని సచ్చిపోతుంటి."

"మంచిది చెల్లె, పడుకో," అన్నాను.

ఆ రెండు సాయంత్రాలు ఆమె విన్నది ఎవరి గొంతో నాకు తెలుసు. అది బతికున్న మనిషిది. నేను రికార్డు చేసింది ఎవరిదో, మా ముగ్గురికీ వినబడి ఆమె పలికిన ఆ మూడోది ఎవరిదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.